పోస్టరు మీద మా అత్త

మా అత్త పోయిన మూడో రోజు మధుబాబు ఫోన్ చేశాడు. ముందు "అయ్యో పాపం" అన్నాడు, తర్వాత "పోస్టరు ఎంతవరకు వచ్చిందక్కా" అన్నాడు. రెండింటి మధ్య ఒక్కసారి దగ్గాడు. దుఃఖం అయిపోయింది, పని మొదలైంది అని చెప్పడానికి అంతకంటే మర్యాదైన పద్ధతి నాకూ తోచలేదు.

"చేస్తున్నాను మధూ," అన్నాను. చేయడం లేదు. వాకిట్లో షామియానా కింద ఖాళీ కుర్చీలు లెక్కపెడుతున్నాను. నలభై ఒకటి. షామియానావాడు నలభై అన్నాడు, ఆ ఒక్క కుర్చీ ఎవరిదా అని పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను. అంతకుమించి నా తలలో ఏమీ లేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే పెదవి మనది కాకుండా పోతుందే, మనిషి మొత్తం అట్లా ఉన్నాను. వచ్చినవాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చి, నేను ఏడవకపోవడం చూసి, కళ్ళు తుడుచుకుని కాఫీ తాగి వెళ్తున్నారు. "సుప్రియ గుండె గట్టిది" అని ఒకామె అంది. పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ తేలలేదు.

మధుబాబు ఎవరో చెప్పాలి. వారానికి ఆరు రోజులు మా ఊరు కోటలో రొయ్యల మేత అమ్ముతాడు, ఆదివారాలు డైరెక్టరు. ఫీడు బస్తాల మీద కూర్చుని తనే కథ రాసుకుని, తన గుంటల దగ్గరే తీసిన దయ్యం సినిమా పేరు 'గుంట నంబరు 7'. రొయ్యల గుంటలో నీళ్ళు చిలికే ఏరియేటరు కరెంటు కొట్టి ఒకాయన చచ్చిపోతాడు. ఆయన్ని వెతుక్కుంటూ ఆయన పెళ్ళాం దయ్యమై గట్ల మీద తిరుగుతుంటుంది. అంతే కథ. ముప్పై ఎనిమిది నిముషాలు. ఊళ్ళో సినిమా హాలు ఒక ఆదివారం ఉదయం ఆటకు మాట్లాడుకున్నాడు, ఆ తర్వాత యూట్యూబులో పెడతాడు.

ఆ పెళ్ళాం దయ్యం మా అత్త ఆదిశేషమ్మ.

మాకు బస్టాండు పక్కన ఫ్లెక్సీల కొట్టు ఉంది. మా ఆయన గిరిబాబు మిషను చూసుకుంటాడు. డిజైన్లు నేను ఇంట్లో కంప్యూటరు మీద చేసి పంపిస్తాను, పొయ్యి మీద పప్పు ఉడికేలోపు ఒక పుట్టినరోజు, కూర దించేలోపు ఒక ఓపెనింగు. నెల్లూరులో బీఎస్సీ కంప్యూటర్స్ చదివినందుకు ఆ మాత్రం ఉపయోగపడుతోంది. రేషన్ కార్డులో మాత్రం గృహిణి అనే ఉంటుంది. కూర మాడిన రోజున మా అత్త కూడా అదే గుర్తు చేసేది.

మా పనిలో ఎక్కువ భాగం పోయినవాళ్ళదే. ఎవరింట్లోనైనా ఆడమనిషి పోతే, కొడుకో అల్లుడో ఫోన్ పట్టుకుని వస్తాడు. అందులో ఏదో పెళ్ళి గ్రూపు ఫోటో ఉంటుంది, వెనక వరసలో బియ్యపు గింజంత మొహం. "ఈ ఎర్రచీర మా అమ్మ" అంటాడు. ఒక్క మనిషిగా తీసిన ఫోటో ఉండదు. ఎప్పుడూ తీసి ఉండరు. నేను ఆ మొహం కత్తిరించి, పెద్దది చేసి, మా దగ్గర రెడీగా ఉన్న ఒంటి మీద అతికిస్తాను. 'బాడీలు' అనే ఫోల్డరులో మగవాళ్ళకు పంచె కండువా రెండు రకాలు, ఆడవాళ్ళకు పట్టుచీరలు ఆరు రకాలు ఉన్నాయి. కానీ అందరికీ నచ్చేది మూడో నంబరే. పచ్చ పట్టుచీర, ఎర్ర అంచు, మెళ్ళో కాసులపేరు. ఈ ఆరేళ్ళలో మా మండలంలో పోయిన ఆడవాళ్ళందరూ పైన ఒకే చీరలో కలుసుకుని ఒకర్నొకరు ఎగాదిగా చూసుకుంటుంటారు.

అది మా అత్తకు బాగా తెలుసు. నా వెనక నిలబడి చూసేది. "ఏమ్మే, ఈమె జన్మలో కాసులపేరు ఎరగదు. చచ్చినాక పెట్టినావే, పుణ్యాత్మురాలివి" అనేది. ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ అంది, "నేను పోతే నాకు ఆ పచ్చచీర తగిలించబాక. అందరి మాదిరి నేనెందుకు?"

"సరే అత్తా," అన్నాను.

అదొక మాట. ఇంకోటి షూటింగు రోజు ఇచ్చాను.

ఆ రోజు దయ్యం వేషానికి నెల్లూరు నుంచి రావలసిన పిల్ల వచ్చింది కూడా. గుంట వాసన పీల్చి, వచ్చిన ఆటోలోనే వెనక్కి పోయింది. మధుబాబు గట్టు మీద తల పట్టుకు కూర్చున్నాడు. మా పొలం పక్కనే కాబట్టి నేనూ మా అత్తా చూడ్డానికి పోయి ఉన్నాము. మా అత్త అడిగింది, "ఏంరా మధూ, ఆ పిల్ల ఏం చేయాలంట?"

"జుట్టు విరబోసుకుని నిలబడాల పెద్దమ్మా. మాటలు కూడా లేవు."

"ఇంతేనా? దీనికి నెల్లూరు నుంచి మనిషి కావాల్నా?" అని ముడి లాగేసింది. అరవై మూడేళ్ళ మనిషి. నడుం కిందికి పడింది జుట్టు, సగం తెలుపు సగం నలుపు. పదహారేళ్ళ నుంచి ఒకే ఇంట్లో ఉన్నాను, ఆ జుట్టు అంత ఉందని నాకూ తెలీదు. తలంటు రోజున కూడా తలుపేసుకుని ఆరబెట్టుకునేది.

బొట్టు తీయమన్నప్పుడు మాత్రం ఆగింది. "ఆయన ఉండగా బొట్టెట్టా తీస్తానురా?" అంది. మధుబాబు కథ మళ్ళీ చెప్పాడు, మొగుడు పోయిన ఆడమనిషి పెద్దమ్మా అని. కాసేపు గుంట వైపు చూసి, "పది నిముషాలేగా. ఆయన ఇంట్లో నిద్దరపోతా ఉండాడు, తెలీదులే" అని కొంగుతో తుడిచేసింది. చెవి కమ్మలు తీయమంటే మాత్రం ససేమిరా అంది.

"మొహంలో బాధ పెట్టు పెద్దమ్మా," అన్నాడు మధుబాబు, కెమెరా పట్టుకుని.

"బాధెందుకురా? వాడు చెప్పకుండా పోయినాడు గదా. కోపం ఉండాల."

అని కెమెరాలోకి నేరుగా చూసింది. గట్టు మీద లైటు పట్టుకున్నవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. నాకు ఆ చూపు కొత్త కాదు, పప్పులో ఉప్పు తగ్గినప్పుడల్లా చూసిందే.

తిరిగొచ్చేటప్పుడు బొట్టు పెట్టుకుంటూ నన్నడిగింది, "దీనికి గోడల మీద బొమ్మ వేస్తారా?"

"వేస్తారు. నేనే చెయ్యాలి."

"నా మొహం పెద్దదిగా వెయ్యి. బస్టాండు కాడ కనపడాల. పోయే బండ్లు ఆగాల."

"సరే అత్తా."

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది. నాలుగింటికి టీ పెట్టి పక్కన స్టూలు మీద ఉంచాను. అయిదింటికి వచ్చి చూస్తే టీ మీద మీగడ కట్టి ఉంది. "అత్తా, టీ చల్లారిపోయింది" అని విసుక్కున్నాను. ఆమెతో నేనన్న చివరి మాట అది. అప్పటికి ఎంతసేపటి నుంచి వినడం లేదో.

పదకొండో రోజు పెద్దకర్మ. దానికి ఫ్లెక్సీ కావాలి. ఫోటో కోసం ఇల్లంతా వెతికితే అప్పుడు తెలిసింది, మేమూ అందరి మాదిరే. మా పెళ్ళి ఆల్బంలో ఆమె వంటవాళ్ళ వైపు చూస్తోంది. బావగారి గృహప్రవేశంలో కళ్ళు మూసుకుని ఉంది. మిగతా వాటిల్లో ఎవరో పిల్లాడి ముక్కు తుడుస్తోంది. నేరుగా చూసిన ఫోటో ఒక్కటే, మధుబాబు తీసింది.

దాన్ని కంప్యూటరులో తెరిచాను. జుట్టు వెనక్కి దువ్వాను. కళ్ళ చుట్టూ పూసిన నలుపు తుడిచాను. నుదుట రూపాయంత బొట్టు పెట్టాను. పని చేస్తున్నంతసేపూ చేతులు వాటంతటవే పోయాయి, నేను ఎక్కడో ఉన్నాను. గిరిబాబు కొట్టు నుంచి ఫోన్ చేసి "అయిందా?" అంటే పంపించాను. సాయంత్రం ఆటోలో ఫ్లెక్సీ వచ్చింది. వాకిట్లో కట్టారు. అప్పుడు చూశాను.

పచ్చ పట్టుచీర. ఎర్ర అంచు. కాసులపేరు.

ఎప్పుడు అతికించానో నాకు గుర్తు లేదు. మొహం కత్తిరించాక చెయ్యి మూడో నంబరు మీదికి పోయింది, ఆరేళ్ళ అలవాటు. మళ్ళీ ప్రింటు వేద్దామంటే గిరిబాబు వింతగా చూశాడు. "బాగుంది గదా? ఏమైంది?" నేనేం చెప్పను? మీ అమ్మ చీర బాగాలేదందని చెప్పనా?

ఏడుపు అప్పుడైనా వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు. ఇచ్చిన రెండు మాటల్లో ఒకటి పోయింది, ఇక ఒకటే ఉంది అని మాత్రం లెక్క తేలింది. ఆ ఒక్కటీ పోగొట్టుకోకూడదు అనుకున్నాను. ఆ పదిరోజుల్లో నేను గట్టిగా అనుకున్నది అదొక్కటే.

పెద్దకర్మనాడు మా బావ కిషోర్ బాబు ఫ్లెక్సీ ముందు నిలబడి కళ్ళొత్తుకున్నాడు. తడ దగ్గర కంపెనీలో సూపర్వైజరు. రెండు నెలలకోసారి ఆదివారం వచ్చి, అమ్మ చేతి అన్నం తిని, అమ్మ ముందే ఫోన్ చూసుకుని పోయేవాడు. "ఎంత ప్రశాంతంగా ఉండాదమ్మ! ఈ ఫోటో ఎక్కడిది సుప్రియా?"

"గుంట కాడ తీసింది బావా."

"నాకు పంపించు. ఫోన్లో పెట్టుకుంటా."

పంపించాను. ఇంతలో భోజనాల దగ్గర ఎవరో, ఆదిశేషమ్మ సినిమాలో దయ్యం వేసింది, తెలుసా అన్నారు. బావ విస్తరి ముందు నుంచి లేచి వచ్చాడు.

"నిజమేనా?"

"నిజమే."

"బొట్టు తీసేసి?"

"పది నిముషాలు."

"సుప్రియా, మా అమ్మ ముత్తైదువగా పోయింది. ఎంతమందికి ఆ అదృష్టం ఉంటది? అట్టాంటి మనిషిని జుట్టు విరబోసి, విధవరాలి మాదిరి బస్టాండు గోడ మీద నిలబెడతారా? నలుగురూ ఏమనుకుంటారు? సినిమాలో ఉంటే ఉండనీ, చీకట్లో ఎవరికి కనపడింది. పోస్టరు మీద అమ్మ ఉండేదానికి లేదు. నాకు చూపించకుండా ఏదీ ప్రింటు వేయబాకండి."

గిరిబాబు తల ఊపాడు. అన్న ముందు మా ఆయన తల ఒక్కవైపుకే ఊగుతుంది. మా మామ పద్మనాభయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఆ పదకొండు రోజులూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆకలి అని కూడా అనలేదు, పెడితే తిన్నాడు. ఇదంతా విన్నాడో లేదో.

మర్నాడు మధుబాబు వచ్చాడు. విషయం చెప్పాను. పాపం, గొడవ పడే మనిషి కాదు. "పోనీలే అక్కా. నెట్లో ఒక దయ్యం దొరికింది, తెల్ల గౌను, భలే ఉంది. దాన్ని పెట్టేయి. శుక్రవారానికి కావాల."

"తెల్ల గౌనా? రొయ్యల గుంటలోకి గౌను వేసుకుని ఎవరొస్తారు మధూ?"

"దయ్యం గదక్కా."

"అత్త మొహమే పెడదాం. బొట్టు పెడతాను. అప్పుడు మా బావకు అభ్యంతరం ఉండదు."

"అక్కా, బొట్టున్న దయ్యానికి ఎవరు భయపడతారు?"

"నేను పదహారేళ్ళు భయపడ్డాను."

నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపేశాడు. "అది కాదక్కా. మొగుడు పోయినాడనేది కథ. బొట్టుంటే కథే లేదు. పెద్దమ్మ మొహం వేస్తే బొట్టు లేకుండా వెయ్యి, లేకపోతే గౌను వెయ్యి. నీ ఇష్టం."

నా ఇష్టం అని ఎవరైనా అన్నప్పుడు నాకు కొంచెం అనుమానంగా ఉంటుంది. అయినా కూర్చున్నాను.

మూడు పోస్టర్లు చేశాను. మొదటిది తెల్లగౌను, వెనక మా కోట గుంటలు. సముద్రం చూడ్డానికి వచ్చి దారి తప్పినట్టుంది. రెండోది ఉత్త ఏరియేటరు, నీళ్ళల్లో ఒక చెయ్యి. చెయ్యి నాదే, కుళాయి దగ్గర తీసుకున్నాను, గోరు కింద పసుపు కూడా పడింది. మూడోదానికి అత్త ఫోటో మళ్ళీ తెరిచాను. ఈసారి దేనికీ తొందరపడలేదు. దువ్విన జుట్టు విప్పాను. తుడిచిన నలుపు తిరిగి తెచ్చాను. నేను పెట్టిన బొట్టు నేనే తీశాను. నీళ్ళు గొంతు దాకా తెచ్చి, వెలుతురు కింద నుంచి ఇచ్చాను. మొహం సగం జుట్టు కిందికి పోయింది, మిగతా సగం ఈ చివర నుంచి ఆ చివరి దాకా. పెద్దదిగా వెయ్యమంది కదా. మనిషి ఒంటికి చీరే అక్కర్లేకుండా పోయింది, ఆ పీడా వదిలింది. పేర్ల వరసలో అడుగున, అందరి అక్షరాల సైజులోనే, 'ఆదిశేషమ్మ' అని వేశాను.

మూడూ బావకు వాట్సాపులో పంపించాను, ఆ పేర్ల వరస మటుకు తీసేసి. కింద "బావా, మూడు చేశాను. మీరు ఏది ఒప్పుకుంటే అది" అని రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. రెండుసార్లు చదువుకుని మరీ పంపాను.

అరగంటకు ఆయన వాయిస్ మెసేజి వచ్చింది. వెనక కంపెనీ మిషన్ల మోత. "సుప్రియా, మూడోది పెట్టండి. మొదటిది మనది కాదు, రెండోదాంట్లో ఏమీ లేదు. మూడోది చూస్తానే ఒళ్ళు జలదరించింది. ఎవరామె, నాటకాల మనిషా? మంచి పని చేసినావు, అమ్మను తీసేసి."

మూడుసార్లు విన్నాను. పొయ్యి మీద పాలు పొంగి, గట్టు మీద నుంచి కారి, నా కాలి వేళ్ళ దాకా వచ్చాయి. ఆయన ఫోన్ తీస్తే చాలు కనపడే ఫోటో అదే. ఒక బొట్టు, ఒక ముడి తీసేస్తే అమ్మ లేదు.

ఆయన్ని అని ఏం లాభం? ఆ జుట్టు నాకు మాత్రం ఎప్పుడు తెలుసు?

గురువారం కొట్టుకు పోయి, గిరిబాబు పక్కన నిలబడ్డాను. మిషను మీద మొహం పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగుతోంది. నుదురు, కనుబొమ్మ, కన్ను. ఆయన మామూలుగా ప్రింటు వేసేటప్పుడు ఫోన్ చూసుకుంటాడు. ఈసారి చూసుకోలేదు.

"అన్నకు చూపించినావా?"

"చూపించాను. ఇదే వెయ్యమన్నాడు. వినిపించనా?"

అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. చెవి దాకా ప్రింటు అయింది. "కమ్మలు తీసేసుండాల్సింది," అన్నాడు మెల్లిగా. "పోయిన నెలేగా నేను వాటికి కొత్త మర వేయించుకొచ్చింది."

"తీయనందిగా."

ఆయన మిషను ఆపలేదు. అయిపోయాక చుట్ట చుట్టకుండా, ఇంకు ఆరిందాకా దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

శుక్రవారం పొద్దున బస్టాండులో కట్టారు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ అనలేదు. పదిన్నరకు మా మామ చొక్కా తొడుక్కుని వచ్చి, "బీపీ మాత్రలు అయిపోయినాయి" అన్నాడు. రెండు వారాల్లో ఆయన నాతో అన్న మొదటి మాట. మాత్రలు ఇంకా పది ఉన్నాయి, నేనే డబ్బాలో సర్దాను. స్కూటీ తీశాను.

మందుల షాపు ముందు ఆపితే దిగలేదు. "ఇంకొంచెం ముందుకు పోనీ" అన్నాడు.

టీకొట్టు పక్క గోడ మీద ఉంది. పది అడుగుల ఎత్తు. ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు దాని ముందు నిలబడి, నాలుకలు బయటపెట్టి సెల్ఫీ తీసుకుంటున్నారు. గూడూరు వైపు పోయే బైకు ఒకటి ఆగింది, వెనక కూర్చున్నవాడు "ఓరి నాయనో" అన్నాడు. ఒక బండి ఆగింది అత్తా, అనుకున్నాను.

మామ దిగి, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు.

"ఆదిశేషే," అన్నాడు.

"అవును మామా."

"తలంటు పోసుకున్న రోజు ఇట్టనే ఉంటది." మళ్ళీ కాసేపటికి, "బొట్టు యాడ?"

ఈయన ఒక్క మాట అంటే చాలు, దాన్ని దించేయాలి. "కథలో ఆమె భర్త పోయుంటాడు మామా. గుంటలో. ఆయన్ని వెతుక్కుంటూ తిరుగుతుంటుంది."

"కోపంగా ఉండాదే?"

"చెప్పకుండా పోయినాడని."

ఆర్టీసీ బస్సు ఒకటి వచ్చి మాకూ ఆమెకూ మధ్య ఆగింది. జనం దిగారు, ఎక్కారు. ఆయన బస్సు వైపే చూస్తూ నిలబడ్డాడు. అది కదిలి పోయాక ఆమె అట్లాగే ఉంది.

"అయితే ఇందులో పోయింది నేను," అన్నాడు.

"ఊఁ."

"తను ఉండాది."

"ఊఁ మామా." దయ్యమనే మాట నేను ఎత్తలేదు.

తల ఊపాడు. బేరం కుదిరినట్టుగా ఊపాడు. "ఎంతసేపు ఉంటది సినిమా?"

"ముప్పై ఎనిమిది నిముషాలు."

"అంతేనా," అన్నాడు.

వచ్చి స్కూటీ ఎక్కాడు. నేను స్టార్టు చేయబోతే కుదరలేదు. తాళం పెట్టే చోటు మసకగా ఉంది. అద్దంలో చూసుకుంటే మొహమంతా తడిసి ఉంది, ఎప్పటి నుంచో మరి. ఆయన వెనక నుంచి తన కండువా నా భుజం మీద పడేశాడు, మొహం తిప్పుకునే.

"ఏమ్మే, ఒక చుట్టు తిప్పుతావా? బస్టాండు చుట్టూ?"

మూడు చుట్లు తిప్పాను. గుళ్ళో కూడా ఆయన ఒక్కటి చాలంటాడు.